ఉమ్మిన సారా

మోత్కూరు దాటాక గుట్ట కింద ఒక గుత్తేదారు సారాబట్టి ఉండేది. అక్కడ నా పని రుచి చూడటం. ఇప్పపువ్వు పులియబెట్టి కాచిన సారాను ప్రతి కుండలోంచి ఒక గుక్క నోట్లో పోసుకుని, నాలుక మీద తిప్పి, మాడిందా, పులుపు మిగిలిందా, జనం తాగొచ్చా అని చెప్పాలి. నేను సరే అంటేనే కుండలు బండి ఎక్కేవి.

ఒక్క చుక్క కూడా మింగేవాణ్ణి కాదు. భార్య పోయాక పిల్లలిద్దరినీ సికింద్రాబాదులో మిషను హాస్టల్లో ఉంచాను. "తాగనని ఒట్టెయ్యి బాపూ" అని పెద్దబిడ్డ నా చెయ్యి వదల్లేదు. అందుకే నోట్లో పోసుకున్నదంతా కుండలు దాచే గోదాము మూలన మట్టిలో ఉమ్మేవాణ్ణి. పని అయ్యాక ఆ మూల పక్కనే చాప వేసుకుని, వాళ్ళకు జ్వరమేమైనా వచ్చిందేమో, కడుపునిండా తిన్నారో లేదో అని మథనపడుతూ, ఇద్దరి పేర్లూ పలికి ప్రార్థన చేసుకునేవాణ్ణి. రాత్రిపూట మాట్లాడటానికి వేరే మనిషి ఉండేవాడు కాదు.

ఒక సాయంత్రం, పొయ్యి చూసుకునే గుర్వమ్మ ఇంటికి పోతూ నన్ను ఆటపట్టించింది.

"ఏందయ్యా ఇస్రాయేలూ, సాక పొయ్యవు, తాగవు. గీ సారా నీకేం పాపం జేసింది?"

తాగే ముందు అమ్మవారి పేర నేల మీద నాలుగు చుక్కలు వదలడమే సాక.

"మా ఇంట్ల సాక లేదు పెద్దమ్మా. ఎట్లైనా నేలకే పోస్తున్న గదా, ఉమ్మి."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"సాక పోస్తే అమ్మ తాగుతది. ఎంగిలి పోస్తే ఎవలు తాగుతరు బిడ్డా? గా మూల ఇన్నొద్దుల సంది ఉమ్ముతున్నవు. తడి ఉన్నదా సూడు."

చూశాను. మట్టి ఎండి, పొడి పొడిగా ఉంది.

ఆమె వెళ్ళిపోయింది. మబ్బు పట్టి తొందరగా చీకటి పడింది. పులిసిన ఇప్పపువ్వు వాసన తియ్యగా, ముక్కిపోయినట్టు గదంతా నిండింది. దూరంగా ఎవరిదో గొర్రెలమంద ఇంటికి పోతున్న చప్పుడు వినిపించి, అదీ ఆగిపోయింది. ఒక కుండ మిగిలింది. లాంతరు పక్కన పెట్టుకుని ఒక గుక్క నోట్లో పోసుకున్నాను.

రుచి లేదు.

నీళ్ళలా ఉంది. ఘాటు లేదు, మంట లేదు. అలవాటు కొద్దీ మూలన ఉమ్మేశాను.

మూలలో... ఎవరో నాలుక చప్పరించారు.

"మాడింది."

గుసగుసే. కానీ నా గొంతు.

లాంతరు ఎత్తాను. ఎవరూ లేరు. ఉమ్మిన చోట మట్టి మాత్రం మెల్లగా లోపలికి కుంగి, మళ్ళీ లేచింది. గుటక వేసినట్టు.

"ఎవలు?"

"ఒక్కన్నే ఉన్న..." అంది అది. "నీ నోట్లది నాకు పోసినవు. రుచి వచ్చింది. పేర్లు గూడ వచ్చినయ్."

తర్వాత నా పిల్లల పేర్లు పలికింది. ముందు పెద్దదానిది, తర్వాత చిన్నోడిది. ప్రార్థనలో నేను పలికినట్టే... అంతే ముద్దుగా.

పరుగెత్తాను. వాన మొదలైంది. బాటపొడవునా ప్రార్థన చేయబోయాను. ప్రభువా, నా బిడ్డలను... అక్కడిదాకా వచ్చి ఆగిపోయేవాణ్ణి. ఆపైన పలకాల్సింది నోట్లో లేదు.

తెల్లవారి మొదటి బస్సుకు సికింద్రాబాదు చేరాను. హాస్టలు గేటు అవతల పెద్దబిడ్డ మొహం కడుక్కుంటోంది. ప్రాణం లేచొచ్చింది.

"బిడ్డా!"

ఆమె తలెత్తి నన్ను చూసింది. "ఎవలు కావాలె?"

"నేనమ్మా... బాపును."

"మా బాపు లోపలున్నడు. రాత్రి వానల వచ్చిండు. తమ్ముడు ఆయన ఒళ్ళెనే పండుకున్నడు."

గేటు ఊచలు పట్టుకున్నాను. "కాదు బిడ్డా... నన్ను సరిగ్గ సూడు."

ఆమె ఒకడుగు వెనక్కి వేసింది. కళ్ళల్లో భయం.

"మా బాపువైతే నా పేరు చెప్పు."

నోరు తెరిచాను. నాలుక కదిలింది. ఏమీ రాలేదు.

లోపలి నుంచి ఎవరో ఆమెను పిలిచారు.

"వస్తున్న బాపూ!" అంటూ పరుగెత్తింది.

ఆ పిలుపు నాకూ వినపడింది. ఎంత మంచి పేరు... అదే మొదటిసారి విన్నట్టు అనిపించింది.