గొంతు తడవని ప్రయాణం

"నువ్వెవ్వలు బిడ్డా?" అంది కస్తూరి.

కారు ఘనపూర్ దాటింది. పక్కనే కూర్చున్న శ్రీవాణి ముందు నవ్వేసింది. ఎనిమిదేళ్లుగా ఒకే వంటింట్లో తనతో కలిసి తిరుగుతున్న అత్తగారు ఆట పట్టిస్తున్నారనుకుంది. కానీ కస్తూరి కళ్లలో నవ్వు లేదు! "జనగామ బస్సు ఏడ ఆగుతది బిడ్డా? దుకాణంల ఆయిన ఒక్కడే ఉన్నడు..." అంటూ ఆమె కారు తలుపు పిడి కోసం తడుముతోంది. ఆ 'ఆయన' ముందు సీట్లోనే ఉన్నాడు!

"ఏమండీ! అత్తమ్మకు ఏందో అయితుంది. నన్ను గుర్తు పడ్తలేదు!" అని అరిచింది శ్రీవాణి. స్టీరింగు దగ్గరున్న అభిలాష్ ఒక్కసారి వెనక్కి చూసి, "అమ్మా!" అని, కారు వేగం పెంచాడు. రాజేశం వెనక్కి తిరిగి "ఏమే కస్తూరీ, నేను గీడనే ఉన్న గదనే" అంటున్నా ఆమె అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

భూపాలపల్లిలో ఉన్న ఆడబిడ్డ శిల్ప కూతురికి మర్నాడు పేరు పెడుతున్నారు. జనగామలో కిరాణా దుకాణం మూసి నలుగురూ తెల్లవారుజామునే బయలుదేరారు. నర్మెట్టలో చుట్టాల పెళ్లి చూసుకుని, పులిహోర తిని, మే నెల ఎండలో ఇంత దూరం వచ్చారు. కారులో ఏసీ పేరుకే ఉంది. ప్రయాణమంటే శ్రీవాణికి భయం. ఎవరికి ఏ రోగం అంటుకుంటుందోనని జ్వరం మాత్రలు, వాంతుల మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు, దోమల మందు, మనిషికో సీసా కాచి చల్లార్చిన నీళ్లు... ఒక పెద్ద సంచి నిండా సర్దేది. "మా కోడలు దవాఖాననే నెత్తిన పెట్టుకొని వస్తది" అని రాజేశం అందరితో చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆ సంచిని చూస్తుంటే ఇప్పుడు ఆమెకు ఒక సంగతి గుర్తొచ్చింది. పొద్దున పట్టుచీరల హడావిడిలో మామగారికి షుగరు మాత్ర, అత్తగారికి బీపీ మాత్ర ఇచ్చింది తనే. రెండూ చిన్నవే, రెండూ తెల్లవే! ఒకరిది ఒకరికి ఇచ్చిందా? ఎంత గుర్తు చేసుకున్నా తన అరచెయ్యే కనిపిస్తోంది గానీ అందులో ఉన్న మాత్ర ఏదో కనిపించడం లేదు. ఇచ్చానేమో అనుకుంటే ఇచ్చినట్టే ఉంది, లేదనుకుంటే లేనట్టే ఉంది. దేవుడా... చేతులారా తల్లిలాంటి మనిషిని చంపుకుంటున్నానా!

భూపాలపల్లి దవాఖానకు శిల్ప పరుగున వచ్చింది. పచ్చి బాలింత, పసిపిల్లను వాళ్లత్తకు అప్పజెప్పి వచ్చింది. "మందులన్నీ నువ్వే గద వదినా ఇచ్చేది? మా అమ్మకు ఏం ఇచ్చినవ్?" అంది ఏడుస్తూ.

"పెళ్లిల తిన్న తిండి పడలేదేమో" అన్నాడు రాజేశం. "ఎండదెబ్బ బాపూ" అన్నాడు అభిలాష్. "కాదు, పక్షవాతమేమో..." అంది శిల్ప. తలా ఒక మాట. ఏది నిజమో ఎవరికీ తెలియదు! శ్రీవాణి ఇక ఆగలేకపోయింది. డాక్టరు షారోన్ ముందు చేతులు జోడించి, "నేనే మాత్ర మార్చి ఇచ్చిన్నేమో డాక్టరమ్మా! నాకు యాదికొస్తలేదు!" అని బావురుమంది. ఒక్కసారిగా అందరి చూపులూ ఆమె మీదే పడ్డాయి. అభిలాష్ చూపు కూడా.

షారోన్ కస్తూరి వేలిమీద సూదితో గుచ్చి చూసింది. "షుగర్ పడిపోలేదమ్మా, మంచిగనే ఉంది. మాత్ర మారలేదు." గుండె మీది బరువు దిగింది గానీ శ్రీవాణికి మరింత అయోమయమైంది. మరి ఎందుకిలా? షారోన్, కస్తూరి చేతి మీది చర్మం పట్టి లాగి వదిలింది. అది వెంటనే సర్దుకోలేదు. నాలుక ఎండిపోయి ఉంది. "ఈమె పొద్దటి నుంచి నీళ్లెన్ని తాగింది?"

"సీసా ఇచ్చిన. తాగుకుంటనే ఉన్నది గదా!" అంది శ్రీవాణి. అభిలాష్ కారులోంచి ఆ సీసా తెచ్చాడు. నిండుగా ఉంది! మూడుసార్లు కస్తూరి దాన్ని నోటి దగ్గర పెట్టుకోవడం శ్రీవాణి తన కళ్లతో చూసింది... తాగినట్టు నటించిందా? ఎవరి కోసం? ఎందుకోసం?

"ఒంట్ల నీళ్లు లేక మనిషికి మతి తప్పింది. ఇంకో రెండు గంటలైతే కిడ్నీల దాంక పోయేది" అంది షారోన్, సెలైన్ పెడుతూ.

సాయంత్రానికి కస్తూరి కళ్లు తేటపడ్డాయి. "వాణీ, ఎందుకేడుస్తున్నవ్ బిడ్డా?" అంది. ఆ ఒక్క పిలుపుకు శ్రీవాణి ఆమె చేతుల మీద వాలిపోయింది. "నీళ్లెందుకు తాగలే అత్తమ్మా? నా పానం పోయిందనుకున్న!"

కస్తూరి గదిలో మగవాళ్లు లేరని చూసుకుంది. గొంతు తగ్గించి చెప్పింది.

"ఎములాడ గుడికి పోయినప్పుడు రెండుసార్లు బండి ఆపమన్న, యాదికుందా? మూడోసారి అడిగితే మీ మామ, నిన్ను ఎంటేసుకొని ఎటన్న పోవుడంటే ఇట్లనే, అని కసురుకున్నడు. అభి నవ్విండు. నువ్వు సుత నవ్వినవ్ బిడ్డా... తప్పు పడ్తలేను. అప్పటిసంది ఊరికి పోవాల్నంటే ముందునాడు పొద్దుమీకినప్పుడే నీళ్లు బంద్ పెడ్త. మొగోళ్లకేంది, ఏడ చెట్టుంటే గాడ బండి ఆపి పోతరు. మనకెట్ల?"

శ్రీవాణికి ఆ రోజు గుర్తొచ్చింది. నిజమే, నవ్వింది! అత్తగారి మొహం ఎర్రబడటం చూసి కూడా నవ్వింది. ఊరిలోని రోగాలన్నిటికీ మందు సర్దిన మనిషి, పక్కనున్న మనిషి సిగ్గును కనిపెట్టలేకపోయింది. గుమ్మంలో చప్పుడైంది. టీ గ్లాసు పట్టుకుని రాజేశం నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. గ్లాసు గుమ్మం దగ్గరే పెట్టి వెనుదిరిగి వెళ్లిపోయాడు.

మూడు రోజుల తర్వాత తిరుగు ప్రయాణం. ఘనపూర్ రాగానే రాజేశం కొడుకుతో "బండి ఆపు" అన్నాడు. రోడ్డు పక్క ఇంటి ముందు యాదమ్మ అనే ఆమె చింతపండు గింజలు తీస్తోంది. పుట్టి బుద్ధెరిగి ఎవరింటి ముందూ చెయ్యి చాచి ఎరగని ఆ వ్యాపారి కారు దిగి, ఆమెకు దండం పెట్టాడు. "మా ఆడోళ్లు ఒక్కసారి మీ బాత్రూంకు పోయొస్తరు తల్లీ, ఏమనుకోకు."

"గిండ్ల ఏమనుకునుడేంది? రాండ్రి!" అంది యాదమ్మ.

కారులో కస్తూరి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "నాకేం అవసరం లేదు. నడి రోడ్డు మీద పరువు తీస్తున్నడు!" పెదవులు పొడిబారి ఉన్నాయి. ఈ రోజూ ఆమె ఏమీ తాగలేదని శ్రీవాణికి అర్థమైంది. ఎంత చెప్పినా మళ్లీ అదే! ఆమెను బతిమాలి లాభం లేదు...

శ్రీవాణి తలుపు తీసుకుని దిగింది. ఎనిమిదేళ్లలో మామగారి ముందు తలెత్తి కూడా మాట్లాడని మనిషి, అందరికీ వినిపించేలా అంది: "మామయ్యా, నాకు పోవాలె! జనగామ దాంక నేను ఆగలేను."

అభిలాష్ నవ్వలేదు. రాజేశం పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. కస్తూరి కొంగు తీసి కోడలి మొహంలోకి చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆగు బిడ్డా... నేను సుత వస్తున్న" అంటూ కారు దిగి, కోడలి చెయ్యి పట్టుకుంది.