రెండో గీత

“మబ్బూ... ఓ మబ్బూ! అల ఎంత?”

చేతిలోని వాకీటాకీ పలికింది. మధ్యాహ్నం మూడయింది. ఓడ పైగదిలో కూర్చుని, అద్దం అవతల దూదిలా పరుచుకున్న పొగమంచును చూస్తూ, నేను మనసుపడ్డ అమ్మాయి నవ్వు గుర్తు చేసుకుంటున్నాను. అలవాటుగా “చూస్తానుండు బావా” అనేశాను.

అన్నాక గానీ తట్టలేదు. ఎప్పుడూ పగటికలల్లో తేలుతుంటానని నన్ను మబ్బు అని పిలిచేది అక్క మొగుడొక్కడే. ఆయన సముద్రంలో పోయి పదకొండు రోజులైంది.

మాది ఒడ్డుకు దూరంగా, సముద్రం అడుగున ఇసుక తోడే ఓడ. లావుపాటి పైపును అడుగుదాకా దించి లాగుతాం. అల పెద్దదైతే ఓడ ఎగిరెగిరి పడుతుంది, పైపు మూతి నేలకు గుద్దుకుంటుంది. అందుకే కాస్త దూరంలో మీటరుకో గీత గీసిన స్తంభం పాతారు. నీళ్లు దాని మీద ఎంత లేస్తున్నాయో అరగంటకోసారి దుర్భిణీతో చూసి, పుస్తకంలో రాసి, పైపు దించేవాడికి చెప్పడం నా పని. ఒకటిన్నర మీటరు దాటితే దించకూడదు. ఆ పని ఇప్పించింది బావే. పైపు దించేదీ బావే.

బావ పోయిన రోజు గాలి లేదు. సముద్రం నిద్రపోయే పిల్లలా ఉంది. నేను ఆ అమ్మాయికి ఉత్తరం రాస్తున్నాను. బావ “ఎంత?” అంటే తల ఎత్తకుండా పై వరుసలోని అంకెనే కిందా వేసి, “ఒకటింపావు బావా, దించుకో” అన్నాను. ఎక్కడో దూరాన తుఫాను తోలిన పొడవాటి అలలు, నురగైనా లేకుండా, అప్పటికే వచ్చేశాయి. పైపు గుద్దుకుంది. దాన్ని పట్టి ఉన్న ఇనుప తాడు తెగి బావను ఈడ్చుకుపోయింది.

పుస్తకంలో అల చిన్నదే. కాబట్టి తప్పు బావది. పైపు దగ్గర కునుకు తీశాడన్నారు.

“మీ బావ పనిలో నిద్రపోయే మనిషా? నువ్వు చెప్పరా” అంది అక్క.

“ఏమో అక్కా” అన్నాను.

వాకీటాకీ మళ్లీ గరగరలాడింది. ఈసారి బావ స్థానంలో వచ్చిన కొత్త మనిషి.

“తమ్ముడూ, కెప్టెన్ తొందరపెడుతున్నాడు. దించనా?”

దుర్భిణీ ఎత్తాను. అంతా తెలుపు. తడి ఇనుము వాసన, ఇంజిన్ నూనె వాసన, వాటి మధ్య... బావ తలనూనె వాసన. మంచు కొంచెం విడింది.

స్తంభం. దాని పక్కన నీళ్లలో ఒక మనిషి. ఛాతీదాకా.

అల లేచింది... మునిగాడు. అల దిగింది... కనబడ్డాడు. ఆయన మాత్రం అంగుళం కదల్లేదు. చెయ్యి చాచి అరచేతిని ఒక గీత మీద ఆనించాడు. పిల్లాడికి ఎక్కం నేర్పుతున్నట్టు, ఓపిగ్గా నావైపే చూస్తున్నాడు.

రెండో గీత.

“రెండు...” దుర్భిణీ దించకుండానే అన్నాను. “రెండుంది. దించొద్దన్నా.”

“చెరువులా ఉంటే రెండేంట్రా?” కెప్టెన్ గొంతు అడ్డొచ్చింది. “మళ్లీ కలల్లోకి వెళ్లావా?”

ఆ మాట పూర్తి కాలేదు. అడుగున ఎవరో భుజం పెట్టినట్టు ఓడ లేచి, దబ్బున పడింది. బల్ల మీది గ్లాసు పగిలింది. పైపు ఇంకా పైనే ఉంది. కొత్త మనిషి బతికాడు.

మంచు మూసుకుంది.

సాయంత్రం రేవు దగ్గరపడి సిగ్నల్ అందాక అక్కకు ఫోన్ చేశాను.

“అక్కా... ఆ రోజు నేను అల చూడలేదు. ఉత్తరం రాసుకుంటూ పాత అంకె వేసేశాను. బావ నిద్రపోలేదక్కా. నా మాట నమ్మి దించాడు.”

ఫోన్‌లో అవతల నీళ్లు మెల్లగా లేస్తూ, పడుతున్న చప్పుడు... అక్క ఉండేది ఊరి మధ్యలో, మూడో అంతస్తులో.

“ఎంత, మబ్బూ?” అంది.

గొంతు అక్కదే. అక్క నన్నెప్పుడూ అలా పిలవలేదు.

“రెండు బావా” అన్నాను. “నేను చూడలేదు.”