ఒకే చంచిలో

వెనుక అద్దం పగులుతుంది.

టక్‌మని ఒకే ఒక్క చప్పుడు... ఆ వెంటనే గాజు ముక్కల వాన!

జగన్నాధం చేయి దానంతట అదే కదులుతుంది. పక్కనున్న యమున తలను పట్టి సీటు మీదికి వంచుతుంది. ముప్పై అయిదేళ్ళ క్రితం సైన్యం నేర్పిన కదలిక అది. మనిషి మరచినా చేయి మరవలేదు.

"ఆపకు, త్రినాథ్."

"ఆపడం లేదు సార్."

కారు వేగం తొంభై దాటుతుంది. రాజాం వెనుకబడిపోయింది. చీపురుపల్లి ఇంకా పన్నెండు కిలోమీటర్లు.

ఉదయం తొమ్మిదిన్నర. రోడ్డుకు రెండు వైపులా మొక్కజొన్న చేలు. పాల క్యాన్లతో సైకిళ్ళు. పిల్లలను కుక్కుకుని పోతున్న ఆటోలు. ఇంత వెలుతురులో, ఇంతమంది చూస్తుండగా కాల్చారు!

వెనుక తెల్ల జీపు. నంబరు ప్లేటు నిండా బురద. ఈ ప్రాంతంలో వాన పడి నెల దాటింది. ఆ బురద దానంతట అది అంటుకున్నది కాదు, ఎవరో పూసినది.

జగన్నాధం తల ఎత్తి కారు లోపలి కప్పును పరిశీలిస్తాడు. ముందు భాగంలో, ఎడమ మూల, వేలు దూరేంత రంధ్రం. నడుపుతున్న త్రినాథ్ తలకు రెండడుగుల దూరం.

కాల్చినవాడికి గురి బొత్తిగా రాదు.

లేదా చాలా బాగా వచ్చు.

రెండింటిలో ఏది నిజమో తేల్చడానికి ఉన్న ఆధారం చాలదు. ఆయన ఆ ప్రశ్నను అలాగే పక్కన ఉంచుకుంటాడు.

అరవై నాలుగేళ్ళ మనిషి. ఒకప్పుడు సైన్యంలో సిగ్నల్స్ కెప్టెన్. సరిహద్దులో ఒక మందుపాతర ఎడమ మోకాలిని తీసుకుంది. దానితో పాటే యూనిఫాం పోయింది. ఆసుపత్రి మంచం మీద పరీక్షకు చదివి విదేశాంగ సర్వీసులో చేరాడు. ఇరవై తొమ్మిదేళ్ళు. ఏడు దేశాలు. చివరికి ఒక చిన్న దేశంలో రాయబారి.

సైన్యం వినడం నేర్పింది. విన్నది ముఖంలో కనిపించకుండా ఉండటం దౌత్యం నేర్పింది.

ఆ చివరి దేశమే ఆయనను నిద్రపోనివ్వడం లేదు.

కంప్యూటరు ఉద్యోగాలని నమ్మించి తీసుకుపోయిన ముఠా. నాలుగంతస్తుల భవనంలో బంధించి, ఫోన్లలో జనాన్ని మోసగించే పని చేయించేవారు. బందీలు పందొమ్మిది మంది. అందరూ శ్రీకాకుళం, విజయనగరం వైపు పిల్లలే. వాళ్ళలో ఒకతె అయిన యమున, బయటి వరండా తుడవడానికి వచ్చినప్పుడు ఎలాగో ఆ పేర్లను రాయబారి కార్యాలయానికి చేరవేసింది. రహస్యంగా జాబితా తయారైంది. తెల్లవారితే అక్కడి పోలీసుల దాడి.

తెల్లవారింది. పోలీసులు తలుపులు పగులగొట్టారు.

భవనం ఖాళీ!

పొయ్యి మీద అన్నం ఇంకా వెచ్చగా ఉంది.

ముందు రాత్రి గోడ దూకిన యమున ఒక్కతే మిగిలింది. పద్దెనిమిది మంది ఎక్కడున్నారో నాలుగేళ్ళుగా తెలియదు. జాబితా సంగతి ఎవరు బయటపెట్టారో కూడా తెలియదు.

ఈ రోజు పదకొండున్నరకు విజయనగరం కోర్టులో యమున సాక్ష్యం. ఆమె నోరు విప్పితే కేసు నిలుస్తుంది, పద్దెనిమిది మంది కోసం వెతుకులాట మళ్ళీ మొదలవుతుంది. లేకపోతే ఆ ఫైలు శాశ్వతంగా మూత.

ఎనిమిది నెలలుగా ఆమెను పాతపట్నంలో దాచాడు. ఆమె కాక, ఈ ప్రయాణం నలుగురికే తెలుసు. తనకు. త్రినాథ్‌కు. కోర్టు గేటు దగ్గర కాచుకుని ఉన్న లాయరు చలపతికి. బందీల కుటుంబాలను కూడగట్టి ఈ కేసు వేయించిన సన్యాసికి. అతను కూడా అక్కడే, చలపతి పక్కనే ఎదురుచూస్తున్నాడు.

నలుగురు. అయినా జీపు వచ్చింది.

ఫోన్ల ద్వారా కనిపెట్టి ఉంటారంటాడు త్రినాథ్. ఫోన్లు పాతపట్నంలోనే ఆపేశాం కదా అంటాడు జగన్నాధం. త్రినాథ్ అద్దంలోకి చూసి గేరు మారుస్తాడు.

ముప్పై ఎనిమిదేళ్ళ వాడు. ఊరు చీపురుపల్లి. రాయబారి కార్యాలయంలో గుమాస్తా. జగన్నాధమే ఏరి తెచ్చుకున్నాడు, మాట తీరు దిద్దాడు, ఏ విందులో ఏ మాట అనకూడదో నేర్పాడు. ఆయన రిటైరైనప్పుడు అతనూ ఉద్యోగం వదిలి వెంట వచ్చాడు. ఇప్పుడు ఆయన జ్ఞాపకాల పుస్తకం టైపు చేసేదీ అతనే.

"సార్..." సీటు మీద తల ఆనించుకునే యమున అడుగుతుంది. "నాను సచ్చిపోతే ఇది ఏటవుతాది?"

చున్నీ అంచు కుట్టును పళ్ళతో తెంపుతుంది. లోపలి నుంచి గోరంత మెమరీ కార్డు.

ఆ రాత్రి గోడ దూకే ముందు సూపర్‌వైజరు ఫోనులోంచి లాక్కున్నది. అందులో ఒక గొంతు ఉందని చెప్పిందే గాని, నాలుగేళ్ళుగా దానిని ఎవరికీ ఇవ్వలేదు. జగన్నాధానికి కూడా. కారణం ఆయన ముఖం మీదే చెప్పింది. మీ ఆఫీసుకి పేర్లిస్తే ఏటయిందో సూసినాను, ఇది జడ్జిగోరి సేతిలోనే ఎడతాను అంది. ఆయన వాదించలేదు. వాదించే హక్కు తనకు లేదనుకున్నాడు.

"ఇప్పుడెందుకు ఇస్తున్నావమ్మా?"

"అద్దం పగిలింది కద సార్. రెండోది నా బుర్రే."

ఆయన దగ్గర సిమ్ లేని పాత ఫోను ఒకటి ఉంది. కార్డు అందులో పెడతాడు. ఇయర్‌ఫోను చెవికి. అద్దంలో త్రినాథ్ కళ్ళు ఒక్కసారి వెనక్కి చూసి, మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళిపోతాయి. ఆ కళ్ళలో కంగారేమీ లేదు.

పన్నెండు సెకన్ల మాట. యంత్రంతో మార్చిన గొంతు... డ్రమ్ములోంచి వస్తున్నట్టు. మనిషి ఎవరో పోల్చుకోవడం అసాధ్యం. భాష మాత్రం శుభ్రమైనది, రేడియో వార్తల్లాంటిది.

"తెల్లవారక ముందే భవనం ఖాళీ చేయండి. పందొమ్మిది పేర్ల జాబితా నేను చూశాను. పాస్‌పోర్టులన్నీ ఒకే చంచిలో వేసి డ్రైవరుకు ఇవ్వండి."

ఆయన వేలు ఆగిపోతుంది.

మళ్ళీ వింటాడు.

చంచి!

సంచి కాదు. చంచి.

ఈ జిల్లాలలో 'చ' మెత్తబడి 'స' అవుతుంది. చెప్పు సెప్పవుతుంది, చూడు సూడవుతుంది. ఊరు దాటిన పిల్లవాడిని దానికే ఏడిపిస్తారు. వాడు సిగ్గుపడతాడు. నోటికొచ్చిన ప్రతి 'స'నూ పట్టుకుని 'చ'గా దిద్దుకుంటాడు. ఆ తొందరలో, మొదటినుంచీ 'స'గానే ఉండవలసిన మాటలు కూడా కొన్ని దిద్దుబాటుకు బలైపోతాయి. హైదరాబాదు వాడు ఈ తప్పు చేయడు. గుంటూరు వాడు చేయడు. తన యాసను దాచుకోవాలనుకున్న ఇక్కడి మనిషి మాత్రమే చేస్తాడు.

జగన్నాధానికి ఇది పుస్తకాల్లో దొరికిన విషయం కాదు. పదేళ్ళ వయసులో, సైనిక పాఠశాలలో, మొదటిరోజే తాను "చంతకం ఎక్కడ పెట్టాలి?" అని అడిగాడు. తరగతి మొత్తం నవ్వింది.

గొంతును మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది. తప్పును మార్చేది ఇంకా రాలేదు.

ఆయన చూపు ముందు సీటు మీద నిలుస్తుంది. దువ్విన జుట్టు. ఇస్త్రీ కాలరు. తాను దిద్దిన మనిషి.

కాదు... తొందరపడకూడదు. ఈ తప్పు చేసేవాళ్ళు ఈ రెండు జిల్లాలలో వేలమంది ఉంటారు. ఒక్క మాటతో ఒక మనిషిని దోషి అనడం బొమ్మా బొరుసూ వేసి తీర్పు చెప్పడం లాంటిది. ప్రయోగం కావాలి. అయితే ఆ మాటను తాను అందించకూడదు. అందిస్తే అతను విన్నదే తిరిగి పలుకుతాడు. అది ప్రయోగం కాదు.

చీపురుపల్లి పొలిమేరలో కారు ఒక్క కుదుపుతో ఎడమకు తిరుగుతుంది. అడ్డదారి సార్, స్టేషను పక్కనుంచి వెళ్దామంటాడు త్రినాథ్. అడగకుండానే తిప్పేశాడు.

ఎదురుగా రైలు గేటు. పడిపోతోంది!

కారు గేటుకు ఆనుకుని ఆగుతుంది. వెనుక గడ్డి ట్రాక్టరు. దాని వెనుక తెల్ల జీపు. పట్టాలకు అవతల, రెండు వందల గజాల దూరంలో చీపురుపల్లి స్టేషను ప్లాట్‌ఫారం. విజయనగరం వైపు పాసింజరు వచ్చే వేళ.

జగన్నాధం ఛాతీ మీద చేయి వేసుకుంటాడు. అలసిన గొంతుతో, దేనికీ తొందర లేనట్టు అడుగుతాడు.

"త్రినాథ్, నా మాత్రలు ఎందులో పెట్టావు?"

"చంచిలోనే సార్. నా సీటు కింద."



యమున వేళ్ళు జగన్నాధం మోచేతిని బిగించి పట్టుకుంటాయి. ఆ పన్నెండు సెకన్లనూ ఆమె నాలుగేళ్ళుగా కొన్ని వందలసార్లు విన్నది.

అద్దంలో రెండు జతల కళ్ళు కలుస్తాయి. ఏ మాట తనను పట్టించిందో త్రినాథ్‌కు తెలియదు. పట్టుబడ్డానని మాత్రం తెలిసిపోయింది.

అతని చేయి మెరుపులా సీటు కిందికి పోతుంది. సంచి. జగన్నాధం లైసెన్సు రివాల్వరును నిన్న సాయంత్రం స్వయంగా అందులో సర్దింది అతనే. జిప్ లాగుతాడు. మాత్రల డబ్బా... రక్తపోటు చూసే యంత్రం... తువ్వాలు...

అంతే!

చల్లని ఇనుము అతని మెడకు తగులుతుంది.

"అది నా దగ్గరుంది," అంటాడు జగన్నాధం. "ఆయుధం ఎక్కడుందో ఇద్దరికి తెలిస్తే, అది ఎవరిదో చెప్పలేం. పొద్దున్నే చోటు మార్చాను. నీ మీద అనుమానంతో కాదు. పాత అలవాటు."

"సార్, మీరు పొరబడుతున్నారు. దయచేసి నా మాట..."

"ఆ భాష ఆపు. అది నేను నేర్పినది. అబద్ధానికి బాగా పనికొస్తుంది. నీ భాషలో చెప్పు."

త్రినాథ్ భుజాలు వాలిపోతాయి. పదేళ్ళ ఇస్త్రీ ఒక్క క్షణంలో నలిగిపోతుంది. మాట్లాడినప్పుడు అది వేరే మనిషి గొంతు.

"నాను కాయితం మోసినోణ్ణే సార్. ఊళ్ళంట తిరిగి ఆ పిల్లల్ని పోగేసి పంపినోడు ఏరే ఉన్నాడు. పద్దెనిమిది మందీ ఏడున్నారో ఆడికే తెలుసు."

"ఎవడు వాడు?"

"కోర్టు గేటుకాడ నిల్సోనున్నాడు. మీ కోసమే సూస్తన్నాడు. ఈ అమ్మిని తీసికెల్లి ఆడి సేతికే అప్పసెప్పబోతన్నారు మీరు."

కోర్టు గేటు దగ్గర ఉన్నది ఇద్దరే. నాలుగేళ్ళుగా ఫీజు తీసుకోకుండా వాదిస్తున్న చలపతి ఒకడు. బందీల తల్లులను ఇంటింటికీ వెళ్ళి ఓదార్చిన సన్యాసి ఇంకొకడు.

దూరంగా రైలు కూత.

"పేరు చెప్పు, త్రినాథ్."

త్రినాథ్ తల సగం వెనక్కి తిరుగుతుంది. కళ్ళలో నీళ్ళు. అవి పశ్చాత్తాపమో, భయమో... కొలిచే సాధనం లేదు. పెదవులు విడివడతాయి.

"స..."

ధన్!

జగన్నాధం వేలు ట్రిగ్గరు మీద లేదు. కాల్చింది ఆయన కాదు.

త్రినాథ్ తల స్టీరింగు మీదికి వాలుతుంది. హారను ఆగకుండా మోగుతుంది. గుండు వెనుక అద్దం లేని ఖాళీలోంచి, ఇద్దరి మధ్యనుంచి, జానెడు సందులోంచి వచ్చింది. గడ్డి ట్రాక్టరు పక్కన ఒక మనిషి మోకాలి మీద కూర్చుని మళ్ళీ గురి చూస్తున్నాడు.

ఇందాకటి ప్రశ్న ఇప్పుడు తేలింది. వాడికి గురి చాలా బాగా వచ్చు.

"పరుగెత్తు!"

తలుపు... గేటు కడ్డీ కింద వంగి... కంకర... జగన్నాధం ఎడమ మోకాలు మడవనంటుంది. యమున ఆయన చేతిని తన మెడ మీదికి లాక్కుని ఈడుస్తుంది. సముద్రంలోంచి వల లాగే ఇంటి పిల్ల. ఒక పట్టా. ఇంకో పట్టా. రైలు నీడ మీద పడుతుంది!

దాటేస్తారు.

వాళ్ళ వెనుకే పెట్టెలు ఒక్కొక్కటిగా గోడ కడతాయి. జీపు, ట్రాక్టరు, మోగుతున్న హారను... అన్నీ అవతలి వైపు.

రైలు నెమ్మదిస్తూ ప్లాట్‌ఫారానికి చేరుతుంది. ఇద్దరూ చివరి పెట్టె కడ్డీ పట్టుకుని ఎక్కుతారు. విజయనగరం అరగంట. స్టేషను నుంచి కోర్టు పది నిమిషాలు. కోర్టు గేటు దగ్గర ఇద్దరు మనుషులు. ఒకడు యమునను కాపాడతాడు. ఇంకొకడు...

యమున ముఖానికి పట్టిన దుమ్మును చున్నీతో తుడుచుకుంటుంది. అడుగుతుంది.

"పేరు సగంలో ఆగిపోనాది సార్. నాను ఇన్నాను. సలపతిగోరా? సన్నేసిగోరా?"

జగన్నాధం ఆమె పెదవులనే చూస్తుంటాడు.

ఆమె నోట రెండు పేర్లూ ఒకే అక్షరంతో మొదలయ్యాయి.

త్రినాథ్ నోటా అంతే.

నీ భాషలో చెప్పు అన్నది తానే.