వెళ్ళిపోయేవాళ్ళ జాబితా

"ఉద్యోగం మానేయాలని మీకెప్పుడైనా అనిపించిందా?" అని అడిగాడతను.

ఆమె రెండు చేతుల్లోనూ సెలైన్ సీసాలున్నాయి. ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"పైకెత్తి పట్టుకోండి. దించారంటే పేషెంటు రక్తం ట్యూబులోకి వెనక్కొస్తుంది. స్టాండ్లు చాల్లేదు. ఆ, ఇప్పుడు చెప్పండి, ఏదో అడిగారు?"

"అదే... ఉద్యోగం మానేయాలని..."

"ఇప్పుడే అనిపించింది."

ఆస్పత్రి మూడో అంతస్తు, మగవాళ్ళ వార్డు. ముప్పై ఆరు మంచాలు. ఆరుగురు నర్సులుండాల్సిన చోట ఆ పూట ఇద్దరే. కిటికీ రెక్క సరిగ్గా పడక వాన జల్లు లోపలికి కొడుతోంది. అది తుడవడానికి కూడా మనిషి లేదు.

అతను ఉద్యోగంలో చేరి నాలుగు రోజులైంది. హెచ్చార్‌లో డేటా అనలిస్టు. ఏ కాలేజీ నుంచి ఏటా ఎంతమంది నర్సులు బయటికొస్తున్నారు, పక్క ఆస్పత్రులు ఎంతమంది కోసం ప్రకటనలిస్తున్నాయి, ఎవరు ఎన్ని నెలలకి మానేస్తున్నారు, ఇవన్నీ పోగేసి మనుషుల్ని ఎలా తెచ్చుకోవాలో, ఎలా నిలబెట్టుకోవాలో చెప్పాలి. ఆ పోగేసేవాడు ఇప్పుడు సీసా ఎత్తిపట్టుకుని, మొద్దుబారిన చేతిని ఎవరూ చూడకుండా రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె చూసింది. నవ్వు రాకుండా పెదవి బిగించి, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండానే నర్సులంతా అతనికి 'పర్సెంటుగారు' అని పేరు పెట్టేశారు. అతను మాత్రం ఆమెని ఏమని పిలవాలో తెలీక తికమకపడేవాడు. ఒకరోజు ఆమే అడిగేసింది.

"అందరూ నన్ను సిస్టర్ అంటారు. మీరేంటి, 'ఏవండీ' అంటారు?"

"సిస్టర్ అనాలంటే నోరు రావట్లేదు."

"ఏవండీ అంటే పక్కనున్నవాళ్ళు ఏమనుకుంటారో తెలుసా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె ఫైలు తీసుకుని గబగబా నడిచింది, నవ్వు కనపడకుండా.

క్యాంటీన్లో టీ తాగేటప్పుడు అతని రిపోర్టు లాక్కుని చదివేది.

"జీతం చాలక మానేస్తున్నారని రాశారు. ఎవరు చెప్పారు?"

"రాజీనామా కాగితాల్లో అదే ఉంది."

"ఇంకేం రాస్తారండీ? శనివారం సాయంత్రం గానీ డ్యూటీ చార్టు వేయరు, సోమవారం పొద్దున ఇంట్లో నాన్నని ఎవరికి అప్పగించి రావాలో తెలీట్లేదు అని రాస్తే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతికిస్తారా?"

ఆమె నాన్న అచ్చు ప్రెస్సులో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్నాడు. చూసుకోవడానికి మేనత్త ఒక్కతే. ఆ మేనత్తకీ మోకాళ్ళ నొప్పులు.

ఆమె చెప్పింది నిజమేనా అని అతను మూడేళ్ళ లెక్కలు తిరగేశాడు. పక్క ఆస్పత్రివాళ్ళు జీతాలు పెంచినప్పుడు ఇక్కడ మానేసినవాళ్ళు తక్కువే. చార్టు చివరి నిమిషంలో మారిన నెలల్లో మాత్రం గుంపుగా వెళ్ళిపోయారు. మర్నాడు ఆ గ్రాఫు చూపిస్తే ఆమె అంది, "దీనికి కంప్యూటర్ కావాలా? నన్నడిగితే సరిపోయేదిగా!"

అప్పట్నుంచి అతనికి ఏ పని పడినా మూడో అంతస్తులోనే పడేది.

అదే నెలలో డైరెక్టర్‌గారు పిలిచారు. "ఎవరెవరు వెళ్ళిపోయేలా ఉన్నారో ముందే చెప్పగలవా? పేర్లతో సహా?"

"దేనికి సార్?"

"నిలబెట్టుకోవడానికేనయ్యా."

అతను నమ్మాడు. ఇంటి దూరం, అడిగినా దొరకని సెలవులు, సర్వీసు, అన్నీ కలిపి పద్నాలుగు పేర్లు తేల్చి, ఒక్కొక్కరు వెళ్ళిపోయే అవకాశం ఎన్ని పర్సెంటో పక్కన రాశాడు. మూడో పేరు ఆమెది. తీసేద్దామనిపించింది. తీసేస్తే ఆమెకి రావాల్సిన మేలు పోతుందేమోనని ఉంచేశాడు.

పదిరోజుల తర్వాత ఐసీయూ ట్రైనింగుకి ఎంపికైనవాళ్ళ పేర్లు బోర్డు మీద పెట్టారు. రెండేళ్ళుగా ఆమె ఎదురుచూస్తున్న ట్రైనింగ్ అది. అందులో ఆమె పేరు లేదు. మేట్రన్ ఏదీ దాచకుండా చెప్పేసింది. "వెళ్ళిపోయేదానివి, నీకు నేర్పించి ఏం లాభం అన్నారమ్మా. హెచ్చార్ నుంచి జాబితా వచ్చిందట."

ఆమె మెట్లు దిగి సరాసరి అతని గదికొచ్చింది.

"నా పేరుందా?"

"ఉంది. కానీ అది ఇందుకోసం..."

"ఎన్ని పర్సెంటు?"

అతను తల వంచుకున్నాడు. "డెబ్బై ఎనిమిది."

"మిగతా ఇరవై రెండూ నేనే కదా? వాటినెవరూ అడగలేదేం?" ఆమె కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. "మీరైనా అడగొచ్చు కదా, వెళ్ళిపోతున్నారా అని! రోజూ మీ ఎదురుగానే కూర్చున్నాను. ఒక్క మాట!"

అతను తెరమీదున్న జాబితా మూసేశాడు.

"మీ లెక్క తప్పకూడదు లెండి," అంటూ రాజీనామా కాగితం బల్లమీద పెట్టింది. మిగిలిన సెలవులు నోటీసు గడువు కింద సర్దుకోమంది. ఆ సాయంత్రం గొడుగు కూడా వేసుకోకుండా బస్టాపుకి నడిచి వెళ్తుంటే అతను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. పరిగెత్తి వెళ్ళి ఆపే ధైర్యం చాల్లేదు.

నెలన్నర గడిచింది. మూడో అంతస్తులో సగం వార్డుకి తాళం పడింది. కొత్తవాళ్ళు దొరకలేదు. ఆ ఏడాది చుట్టుపక్కల కాలేజీల నుంచి వచ్చినవాళ్ళని ఇతర ఆస్పత్రులు ముందే పట్టుకుపోయాయి.

డైరెక్టర్‌గారు మాత్రం అతని భుజం తట్టారు. "నీ జాబితా భలే పనిచేసిందయ్యా! పద్నాలుగు మందిలో తొమ్మిదిమంది వెళ్ళిపోయారు చూడు!"

అతను ఒకడుగు వెనక్కి జరిగాడు.

"వాళ్ళు వెళ్ళిపోలేదు సార్. మనం పంపించాం. ఆ పద్నాలుగులో ఇద్దరి ట్రైనింగ్ ఆర్డర్లు నా జాబితా రాకముందే టైపయిపోయాయి. అందులో ఒకరు జాబితాలో మొదటి పేరు. ఆ ఇద్దరూ ఇవాళ్టికీ ఇక్కడే ఉన్నారు. ట్రైనింగ్ ఆపేసిన పన్నెండు మందిలోనే తొమ్మిదిమంది లేరు. ఇలాంటి జాబితా ఇంకోటి నేను చెయ్యను. కావాలంటే నన్ను కూడా పంపించేయండి."

డైరెక్టర్‌గారు కుర్చీలో కూర్చుండిపోయారు. తాళం పడిన వార్డు తలుపు ఆయనకీ రోజూ కనపడుతూనే ఉంది.

"అయితే ఏం చేద్దామంటావ్?"

"చార్టు నెల ముందే ఇద్దాం. ట్రైనింగ్ ముందు ఆ వెళ్ళిపోయినవాళ్ళకే ఇద్దాం. వెళ్ళి క్షమించమని అడుగుదాం."

"నువ్వే వెళ్ళు," అన్నారాయన.

తొమ్మిది ఉత్తరాలు పట్టుకుని అతను ఇల్లిల్లూ తిరిగాడు. ఇద్దరు వస్తామన్నారు. నలుగురు వేరేచోట చేరిపోయారు. ఇద్దరు తలుపు కూడా తియ్యలేదు. ఆమె ఇంటిని కావాలనే ఆఖరికి పెట్టుకున్నాడు.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం మేనత్త తలుపు తీసింది. ముందుగదిలో మంచం ఖాళీగా ఉంది. పరుపు చుట్టి గోడకి ఆనించారు. అతనికి అర్థమైంది.

ఆమె లోపలినుంచి వచ్చింది. బాగా చిక్కిపోయింది.

"మానేసిన పదకొండో రోజున పోయారు," అంది. "ఆ పదకొండు రోజులూ నేను పక్కనే ఉన్నాను. డ్యూటీలో ఉంటే ఫోన్లో తెలిసేది. మిమ్మల్ని మనసారా తిట్టుకుందామంటే మధ్యలో ఇదొకటి అడ్డొస్తోంది."

"దానికి నాకేం మెప్పు వద్దండీ."

"నేనూ ఇవ్వట్లేదు."

అతను ఉత్తరం ఇచ్చాడు. ఆమె చదివి, మడిచి, చేతిలోనే ఉంచుకుంది.

"అప్పుడు అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నాను. మీకు తిరిగి రావాలనుందా?"

"పని కావాలి. ఆ ట్రైనింగ్ కావాలి. ఒకటో తారీకు నుంచి వస్తాను. మీకోసం కాదు."

"సరే. ఇంకొకటుంది. అది ఆస్పత్రి తరఫున కాదు." అన్నాడతను. "మీరంటే నాకిష్టం."

"తెలుసు. టీ అయిపోయాక కూడా ఖాళీ కప్పు తాగుతూ కూర్చునేవారు." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "ఇప్పుడేం చెప్పమంటారు? నాన్న బట్టలు కూడా ఇంకా సర్దలేదు. చెయ్యి పోవట్లేదు."

"నేను సర్దనా? ఏది ఎక్కడ పెట్టాలో మీరు చెప్పండి."

ఆమె కాదనలేదు. బీరువా తెరిచింది. అతను నేలమీద కూర్చుని ఒక్కో చొక్కా మడతపెడుతుంటే ఆమె చెప్పుకుంటూ పోయింది. ఇది ప్రెస్సుకి వేసుకెళ్ళేది, సిరా మరక పోలేదు. ఇది నాకు నర్సింగ్ డిగ్రీ ఇచ్చిన రోజు వేసుకున్నది. నాలుగో చొక్కా దగ్గర మాట ఆగిపోయింది. దాన్ని మొహానికి అద్దుకుని భోరుమంది. అతను పక్కకి జరిగి, ఆమె తల తన భుజానికి ఆనేంత దగ్గరగా కూర్చున్నాడు. ఆమె ఆనించింది.

గుమ్మంలో మేనత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అన్నయ్య పోయాక ఇది ఏడవడం ఇదే మొదలు. నువ్వు కంగారుగా వెళ్ళిపోకు నాయనా. కూర్చో. అన్నం పెడతాను."

వాన తగ్గేసరికి ఒక అర మాత్రమే సర్దడం పూర్తయింది. ఇంకా రెండు అరలున్నాయి.

"ఇవాళ్టికి చాలు," అంది ఆమె, ఎర్రబడ్డ కళ్ళతో. "మిగతావి ఆదివారం చూద్దాం. వస్తావా?"

'వస్తారా' అనలేదని అతను గమనించాడు. వస్తానన్నాడు.