వేటగాళ్ల రేకుల గుడిసె

ఆ గుడిసె కాడ పొద్దుగూకినంక ఒక్కలే ఉండొద్దంటరు. ఉంటే... ఎవ్వలో పిలుస్తరట. పిలిచేది పరాయోళ్ల గొంతు గాదు, మనోళ్ల గొంతే. జింకల వేటకొచ్చినోడు ఒకడు, పెండ్లాం పిలిచిందని అర్ధరాత్రి "ఆఁ" అని పలికి తలుపు తీసుకొని పోయిండట. ఆ పెండ్లాం చచ్చి అప్పటికే ఏడాది. తెల్లారి లోయల వాని టోపీ ఒక్కటే దొరికింది.

ఇది మన గూడూరు అడవి ముచ్చట గాదు. న్యూజిలాండ్ ముచ్చట. డెబ్బై ఎనిమిదిల మన ధన్‌సింగ్‌కు అయిన ముచ్చట.

ధన్‌సింగ్‌ది గూడూరు పక్కన తండా. మానుకోటల బడి, హైదరాబాద్‌ల పశువుల డాక్టరు సదువు. ఆ మీద సర్కారు స్కాలర్‌షిప్ ఇచ్చి, గొర్ల మీద పెద్ద సదువుకని ఆ దేశం తోలింది. పోయేనాడు తండా తండా నవ్వింది.

"గొర్లు కాసుడు నేర్సుకోను సముద్రం దాటుతవారా ధన్యా?" అన్నడు లింగ్యా కాక. "గూడూరు కురుమోళ్లకు సీసెడు కల్లు పోస్తే వాళ్లే నేర్పుదురు గదరా!"

ధన్యా. తండల అందరు గట్లనే పిలుస్తరు. ఆడికి పోయినంక ఆ పేరు పిలిచే మనిషే లేకపాయె. ఆడ వాడు డాన్. ఆ ఊరోళ్లు చెడ్డోళ్లు గాదు పాపం — ఎదురువడితే నవ్వుతరు, వాన సంగతి మాట్లాడుతరు, పోతరు. లంబాడి మాట ఇడిసిపెట్టు, తెలుగు మాట సుత చెవుల పడక నెలలైంది. ఒకపారి గొర్లతోటి మాట్లాడి చూసిండు. అవి ఇంగ్లీషు గొర్లాయె... తలకాయ లేపి చూసి మల్ల మేసుకున్నయి.

ఆ దేశపోళ్లకు గుట్టలెక్కుడంటే పిచ్చి. మన దిక్కు తునికాకుకు ఎక్కుతరు, కట్టెలకు ఎక్కుతరు. వాళ్లు ఏ పని లేకుండ, వీపు మీద ఇంత మూటేసుకొని ఎక్కుతరు, దిగుతరు, సంబురపడుతరు. సెలవులొస్తే హాస్టలంత ఖాళీ. ఆ ఖాళీ హాస్టల్ల ఒక్కడే ఉండబుద్ధిగాక, ధన్‌సింగ్ సుత తన క్లాసు దోస్తు కోలిన్ గుంపుతోటి బయలెల్లిండు.

తొవ్వల కోలిన్ ఆ వేటగాని కథ చెప్పిండు. "రేకుల గుడిసె కాడ ఆగేది లేదు. సీదా గుట్ట అవతలి గుడిసెకే పోవుడు. దయ్యాలంటే భయమా, డాన్?"

"మా తండల ఇంతకంటె పెద్దయి ఉన్నయి," అన్నడు ధన్‌సింగ్.

అందరు నవ్విండ్రు.

పొద్దుగూకంగ మంచుపొగ దిగింది. ఎట్ల దిగిందంటే — ముందట నడిచేటోని మూట సుత కనబడుడు బందైంది. ధన్‌సింగ్ బూటు లేసు కట్టుకోను కూసున్నడు. లేచి చూస్తే ఎవ్వలు లేరు. బిరబిర అడుగులేసిండు... కాలి కింద రాయి జారింది. దొర్లుకుంట దొర్లుకుంట లోయల పడ్డడు. మడిమె మెలిపడి నిలబడరాకుండైంది.

పొగ జర చెదిరినప్పుడు పైకి చూసిండు. లోయ ఒడ్డు మీద రేకుల కప్పు.

అదే గుడిసె.

మన దిక్కు నాట్లు పడే యాళ్ల, ఆడ నీళ్లు గడ్డకట్టే చలికాలం. కోలిన్, కోలిన్ అని అరిచిండు. వాళ్లు ఎప్పుడో గుట్ట దాటిపోయిండ్రు. పండ్లు టకటక కొట్టుకున్నయి. ఇంకింత రాత్రయినంక వణుకుడు సుత ఆగింది. నిద్ర వస్తున్నది. వెచ్చగ, మెత్తగ, ఎవ్వలో గొంగడి కప్పినట్టు...

గప్పుడు పిలిచింది.

"ధన్యా..."

ఆడమనిషి గొంతు. ముసలి గొంతు.

నిద్ర ఎగిరిపోయింది. తండల చిన్నప్పటి సంది చెప్పే మాట యాదికొచ్చింది — రాత్రిపూట ఎవ్వలు పిలిచినా మూడోపారి దాక పలుకొద్దు. దయ్యం రెండుసార్లే పిలుస్తది. మూడోసారి పిలిస్తెనే మనిషి.

నోరు గట్టిగ మూసుకున్నడు.

"ఓ ధన్యా..."

రెండు.

ఊపిరి బిగవట్టి మూడోదాని కోసం చూసిండు. గాలి లేదు. గడ్డి కదలలేదు. ఎంతసేపాయెనో... మూడోది రాలేదు.

అంటే దయ్యమే. పలికితే పాణం పోతది. తండా చెప్పింది గదే, ఈ దేశం చెప్పింది గదే. ఊకుంటే బతుకుతడు. ఊకోవాలె.

ఊకున్నడు. మల్ల నిద్ర రావట్టింది. కని నిద్రకంటె ఆ సప్పుడు లేకుండ ఉండుడే వానికి ఎక్కువ భయమైంది. ఎన్ని నెలల సంది ఆ పేరు ఇనలేదు! దయ్యమైతే అయింది... పేరు వెట్టి పిలిచింది గద. తెల్లారితే మల్ల డాన్, డాన్ —

"ఆఁ..." అన్నడు, తన భాషలనే. "ఈడ్నే ఉన్న."

ఏం గాలేదు. ఎవ్వలు రాలేదు.

ఆ పిలిచినామె పోతదేమోనని వానికి పరేషాన్. ఆమెను ఆపనీకె మాటలు మొదలువెట్టిండు. కారం లేని కూర సంగతి చెప్పిండు. ఉడకవెట్టిన ఆలుగడ్డల సంగతి, లింగ్యా కాక నవ్విన సంగతి, గొర్లతోటి మాట్లాడిన సంగతి చెప్పిండు. నడుమల జర ఏడ్చిండు. మల్ల చెప్పిండు. నెలలకొద్ది లోపట దాసుకున్నదంత, నిద్రకు సందియ్యకుండ చెప్పుకుంట పోయిండు.

ఇంక తెల్లారకముందే పైనుంచి టార్చిలైటు పడ్డది. కోలిన్ రాళ్లు పట్టుకొని దిగొచ్చిండు. ఎనుక ఇంకిద్దరు. కంబలి కప్పి, పొడి టోపీ పెట్టి, వేడి చాయ తాపిండ్రు.

"ఈ చలిల నిద్రపోయినోడు లేవడు," అన్నడు కోలిన్. "అవతలి గుడిసెకు పోయినంక నువ్వు గుంపుల లేవని చూసుకున్నం. రాత్రంత ఎతికినం. మాటలు ఇనబడకపోతే ఈ పొగల నీ పక్కపొంటనే పోతుంటిమి."

ధన్‌సింగ్‌కు సిగ్గనిపించింది. "ఒక్కన్నే... పిచ్చోని లెక్క మాట్లాడుకుంటున్న," అన్నడు.

కోలిన్ టార్చి అటు తిప్పిండు. ఇటు తిప్పిండు. రాళ్లు... గడ్డి... పొగ.

"ఒక్కనివా?" అన్నడు మెల్లగ. "మేం పైనుంచి ఇనుకుంటనే వచ్చినం, డాన్. నువ్వు మాట ఆపినప్పుడల్ల ఎవ్వలో ముసలామె — 'ఊఁ'... 'ఊఁ'... అంటున్నది."