మట్టం చూసే మనిషి

పొద్దున్న ఏడింటికి గ్లెనిస్ రెండు కప్పుల టీతో పెరట్లోకి వచ్చేసరికి నెవిల్ అప్పటికే వ్యాను బండి వెనక తలుపు తెరిచిపెట్టాడు. లోపల తాను బిగించిన చెక్క మంచం మీద రసమట్టం పెట్టి, గాజుగొట్టంలోని బుడగ మధ్యకి వచ్చిందా లేదా అని కళ్లు చికిలించి చూస్తున్నాడు. మా వైపు జూన్ అంటే నడి చలికాలం, చలి గట్టిగానే ఉంది. ఒంటి మీద ఉన్ని చొక్కా, నెత్తిన టోపీ, కాళ్లకి మాత్రం రబ్బరు చెప్పులు.

"బూట్లేమయ్యాయి?" అంది గ్లెనిస్.

"బిగుతయ్యాయి. పాత తోలు కదా, ముడుచుకుపోయింది."

తోలు పాతబడితే సాగుతుంది గానీ ముడుచుకోదని ఆమెకి తెలుసు. కానీ ఆ పూట ఆమె ధ్యాసంతా మంచం మీద ఉంది. గురువారం ప్రయాణం. ఇంకా పడక తేలలేదు.

నెవిల్ నలభై ఏళ్లు రోడ్ల శాఖలో గ్రేడర్ నడిపాడు. ఎడారిలోకి పోయే మట్టిదారుల గతుకులు చెక్కి చదును చెయ్యడం అతని పని. పది రోజులు అక్కడ, నాలుగు రోజులు ఇంట్లో. ఆ చదును పిచ్చి ఒంట్లోకి ఎక్కేసింది. ఎక్కడ మకాం వేసినా ముందు రసమట్టం తీసి, ఏ చక్రం కింద ఎంత చెక్క పెట్టాలో తేల్చాకే కెటిల్ పొయ్యెక్కనిచ్చేవాడు. వాలులో బండి ఆపుకుని పడుకునేవాళ్లని చూస్తే ఒళ్లు మండేది. "గొర్రెలు కూడా చదును చూసుకునే పడుకుంటాయి" అనేవాడు, వాళ్లకి వినపడేలాగే.

గ్లెనిస్ ఆ ఎడారిని ఒక్కసారీ చూడలేదు. బడి క్యాంటీన్‌లో పాతికేళ్లు సాండ్‌విచ్‌లు చేసి, అతని మేజోళ్లలోంచి ఎర్ర ఇసుక దులిపి, అతను చెప్పే కబుర్లు విని ఊరుకుంది. ఉప్పు సరస్సు ఒడ్డున తెల్లారడం అన్నిటికన్నా బాగుంటుందని అతనే చెప్పాడు. ముందు అంతా గులాబీ రంగవుతుందిట, తర్వాత ఆకాశమేదో నేలేదో తెలియదుట. "రిటైరయ్యాక ఇద్దరం వెళ్దాం. పక్కన పడుకోబెట్టి చూపిస్తా" అన్నాడు. రిటైరయ్యాక బండి కొన్నాడు, మోకాలు ఆపరేషన్ అన్నాడు, వానలకి దారులు మూసేశారన్నాడు. అలా అలా ఈ జూన్ వచ్చింది.

మా పోర్ట్ అగస్టాలో ఎడారికి బయల్దేరేవాళ్లకి ఒక అలవాటుంది. ఏ పడక తీసుకెళ్తారో దాని మీద ముందు సొంత పెరట్లో పడుకుని చూడాలి. ఇక్కడ బయటపడని లోపం అక్కడ నడుం విరగ్గొడుతుంది. నెవిల్ ఈ పరీక్ష మొదలుపెట్టి నెల దాటింది. మొదట తన పాత స్వాగ్ నేల మీద విప్పాడు. ముతక గుడ్డ సంచిలో పరుపు, నలభై ఏళ్లు అతని వీపు మోసిన పడక. పది నిమిషాల్లో లేచి, జిప్పు బాగాలేదన్నాడు. తర్వాత కూతురు లియాన్ ఎవరినో అడిగి బండి మీద బిగించే గుడారం తెచ్చిపెట్టింది. నిచ్చెన మూడు మెట్లెక్కి, అక్కడే కాసేపు నిలబడి, దిగిపోయాడు. "ఇది మనుషులకి కాదు, పావురాలకి" అన్నాడు. చివరికి బండి లోపలే మంచం బిగించాడు. దానికి పరుపు తెస్తానని లియాన్ మాటిచ్చింది.

పదింటికి లియాన్ అడిలైడ్ నుంచి దిగింది. చీకటితోనే లేచి నాలుగు గంటలు నడుపుకుంటూ వచ్చింది, కారు మీద చుట్టిన పరుపుతో.

"అమ్మా, ఒక చెయ్యి వెయ్యి! నాన్నా, నువ్వు ముట్టుకోకు, నీ నడుం నొప్పి నాకు తెలుసు."

ఈస్టరు నుంచీ నడుం నొప్పని అతను హాల్లో వాలుకుర్చీలోనే నిద్రపోతున్నాడు. ఇద్దరాడవాళ్లూ పరుపు లోపలికి తోశారు. మందపాటి మెత్తటి పరుపు, చక్రం గూడు దగ్గర ఒంపుతో సహా అచ్చు గుద్దినట్టు అమిరింది. గ్లెనిస్ దాని మీద అరచెయ్యి నొక్కి చూసి చిన్నపిల్లలా నవ్వింది.

"పడుకో నాన్నా. మహారాజులా ఉంటుంది."

నెవిల్ మెల్లగా ఎక్కి వెల్లకిలా పడుకున్నాడు. ఇద్దరూ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. నిమిషం కూడా కాలేదు. ఎవరో లాగినట్టు ఒక్కసారి లేచి కూర్చున్నాడు. తల బండి కప్పుకి ఠంగున కొట్టుకుంది.

"ఏం పరుపే ఇది! మొహాన దిండు నొక్కినట్టుంది. వెనక్కిచ్చెయ్."

"వెనక్కివ్వడానికి ఇదేమన్నా చొక్కానా? నీ కొలతలకి కోయించాను!"

"నేనడిగానా నిన్ను?"

లియాన్ మొహం మాడిపోయింది. గ్లెనిస్ అంతవరకూ పళ్ల బిగువున ఆపుకున్నది ఇక ఆగలేదు.

"దాన్నెందుకంటావు? నన్నను! మీ గ్రేడర్ గుంపుతో ఉన్నప్పుడు రాళ్ల మీద పడుకున్నావు, లారీ కింద పడుకున్నావు, ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పావు. నా పక్కన అనేసరికి ఏదీ ఒంటికి పట్టదా? నన్ను తీసుకెళ్లడం ఇష్టంలేదని ఒక్క మాట చెప్పు నెవిల్. నలభై ఒక్కేళ్లు ఆగినదాన్ని, ఆ ఒక్క మాటా వినలేనా?"

నెవిల్ ఏదో అనబోయి, "టీ చల్లారిపోయింది" అని షెడ్డులోకి వెళ్లిపోయాడు. అంత పెద్ద మనిషికి ఆ క్షణంలో దొరికిన మాట అది.

మధ్యాహ్నం గుమ్మడికాయ సూప్‌కి పిలిచినా రాలేదు. పెరట్లో బండి స్టార్టయిన చప్పుడు, ఒక గుర్రు, మళ్లీ నిశ్శబ్దం.

"పోతే పోనీ" అంది గ్లెనిస్, సూప్ కలుపుతూనే. కలపడమే గానీ తినడం లేదు.

"అమ్మా, కొన్నాళ్లు నాతో వచ్చెయ్యి. ఈయన అలక తీరేదాకా."

"ఈ వయసులో మొగుణ్ని వదిలి కూతురింటికా? ఊరంతా నవ్వుతుంది." గరిటె పక్కన పెట్టి అంది, "నవ్వితే నవ్వనీ. సాయంత్రం బయల్దేరదాం. ముందు ఆ పరుపు తీసేద్దాం, నువ్వన్నా వాడుకుంటావు."

రెండింటికి ఆమె పెరట్లోకి వచ్చి ఆగిపోయింది. బండి ముందు చక్రాలు రెండూ చెక్క దిమ్మల మీద ఉన్నాయి. పాత రైలుపట్టాల కింది చెక్కలు కోసి అతను చేసుకున్న దిమ్మలవి. బండి మూతి పైకెత్తుకుని ఉంది. ఇన్నేళ్లలో నెవిల్ బండి వాలుగా నిలబడటం ఆమె చూడలేదు. లోపల అతను ముందు సీట్ల వైపు తలపెట్టి, వాలుకుర్చీ దిండ్లు రెండు వీపు కింద దోపుకుని, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. పక్కనే రసమట్టం. బుడగ అతని తల వైపు చివరికి పోయి ఉంది.

అతను చూసుకునే పెట్టుకున్నాడు. కావాలనే పెట్టుకున్నాడు.

గ్లెనిస్ వెనక తలుపు అంచు మీద కూలబడింది. పరుపు మీద అతని పాదాలు కనిపించాయి. చీలమండలు ఉబ్బి, చెప్పుల పట్టీల గుంటలు పడి ఉన్నాయి. బూట్లు. వాలుకుర్చీ. మటన్ మీద ఉప్పు చల్లుకోవడం మానేసిన సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది.

చాలాసేపటికి అతను కళ్లు తెరిచాడు.

"ఎన్నాళ్లనుంచి?" అంది.

"ఏంటి?"

"చదునుగా పడుకోలేకపోవడం."

నెవిల్ బండి కప్పు వంక చూశాడు. "మార్చినుంచి. బండికి స్ప్రింగులు కొనాలని అడిలైడ్ వెళ్లానే, అప్పుడు."

"స్ప్రింగులు తెచ్చావుగా."

"తెచ్చాను. డాక్టరు దగ్గర్నుంచి వస్తూ." కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "గుండె పావువంతే పనిచేస్తోందిట గ్లెన్. వెల్లకిలా పడుకుంటే ఛాతీలోకి నీళ్లు చేరతాయి. మునిగిపోతున్నట్టుంటుంది. నలభై ఏళ్లు ఎడారిలో బతికినవాడు మంచం మీద మునిగిపోవడమేంటి, చెప్పుకుంటే నవ్వుతారు."

ఎవరూ నవ్వలేదు.

"మందులు?"

"వేసుకుంటున్నా. స్పానర్ల పెట్టెలో ఉన్నాయి."

"బాగవుతుందన్నాడా?"

"లేదు. క్రిస్మస్ చూడొచ్చన్నాడు. చూడకపోవచ్చని కూడా అన్నాడు."

"నాకు చెప్పాలని అనిపించలేదా నీకు?"

"చెప్తే ప్రయాణం ఆపేస్తావు. నీకు మాటిచ్చాను. ఎలాగోలా నేను పడుకోగలిగే పడక ఒక్కటి దొరికితే చాలు, ఆ సరస్సు దాకా లాక్కుపోదామనుకున్నా. అందుకే ఒక్కొక్కటీ వేసి చూశా. ఏదీ కుదర్లేదు."

ఈ నెలంతా అతను తనని వదిలించుకోవడానికి వంకలు వెతుకుతున్నాడనుకుంది. అతను వెతికింది ఆమె పక్కన పడుకునే దారి. ఎక్కలేని నిచ్చెన మీద మూడు మెట్లు ఎక్కింది అందుకే. తన మాటలు తనకే గుర్తొచ్చి గ్లెనిస్ ఏడ్చింది. వెనకే వచ్చి అంతా విన్న లియాన్ తండ్రి ఉబ్బిన పాదాలు రెండూ ఒళ్లోకి తీసుకుని, "నా పరుపు బాగానే ఉందన్నమాట" అంది. అని, తనూ ఏడ్చింది.

"బంగారంలా ఉంది తల్లీ. నేనే బాగాలేను." ఆ తర్వాత ఆశగా అన్నాడు, "ఇలా వాలులో పెడితే నిద్ర పట్టింది చూడు. గురువారం వెళ్లొచ్చు."

వెళ్దామన్న మాట గ్లెనిస్ నోటిదాకా వచ్చింది. నిజం చెప్పాలంటే ఆమె ఇంకా ఆ గులాబీ రంగు నేలని కోరుకుంటోంది. కానీ ఆ దారిలో డాక్టరంటే రెండు రోజుల ప్రయాణం.

"అక్కడ నీకేమన్నా అయితే ఇసుకలో నీ పక్కన కూర్చుని నేనేం చెయ్యాలి నెవిల్? రసమట్టం చూడనా?"

ప్రయాణం అక్కడితో అయిపోయింది.

బండి మాత్రం దిమ్మల మీంచి దిగలేదు. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ ఆ మంచం మీద పడుకునేవారు, ఎదురుగా షెడ్డు రేకు గోడ చూస్తూ. వాలుకి కిందికి జారిపోతుంటే పాత స్వాగ్ చుట్టి పాదాల దగ్గర అడ్డంగా పెట్టింది గ్లెనిస్. అతను సరస్సు సంగతి చెప్పేవాడు. మధ్యలో ఊపిరికి ఆగేవాడు. ఆ ఆగడాలు రోజురోజుకీ పెరిగాయి. జూలైలో ఆమె జాకీ పెట్టి ముందు చక్రాలెత్తి రెండో దిమ్మ తోసింది. ఆగస్టు మొదట్లో మూడోది. పక్కింటావిడ కంచె మీదుగా చూసి, బండి రిపేరా అని అడిగితే అవునంది.

ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం మూడు దిమ్మల మీద కూడా అతనికి ఊపిరి అందలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఇంకొకటి పెట్టవూ?" అన్నాడు.

గ్లెనిస్ దిగి షెడ్డులోంచి దిమ్మ తెచ్చింది. చక్రం దగ్గర చాలాసేపు వంగి చూసింది. మూడింటి మీద ఇంకొకటి నిలవదు, బండి జారుతుంది. ఆ సంగతి ఆమెకి నేర్పింది అతనే. దిమ్మ కింద పెట్టేసి లోపలికెక్కింది. అతని తల వైపు వెళ్లి, ముందు సీటుకి వీపు ఆనించి, కప్పుకి తగలకుండా మెడ వంచి కూర్చుంది. దిండ్లు తీసేసి అతన్ని తన గుండెల మీదికి లాక్కుంది.

కాసేపటికి అతని ఊపిరి కొంచెం కుదుటపడింది. ఆమె కాళ్లు తిమ్మిరెక్కాయి. కదల్లేదు.

"ఎలా ఉంది?" అంది.

నెవిల్ కళ్లు మూసుకునే చెయ్యి చాపి, అలవాటుగా రసమట్టం కోసం పరుపు మీద తడిమాడు. దొరకలేదు. ఆమె చెయ్యి దొరికింది.

"మట్టంగా ఉంది" అన్నాడు.