చేత్తో తిప్పిన నట్టు

ఆయుధపూజ నాటి మధ్యాహ్నం. ముత్తియాల్‌పేటలోని నరేంద్రన్ వర్క్‌షాపులో స్పానర్లు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయర్లు అన్నీ అరిటాకు మీద వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కోదానికి చందనం, కుంకుమ బొట్టు. ఎదురుగా బొరుగులు, శనగలు. మర్నాడు పొద్దున కర్పూరం వెలిగించేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. ఏడాదంతా ఒళ్లు హూనం చేసుకునే పనిముట్లకు అదొక్కరోజే సెలవు.

సరిగ్గా అప్పుడే కొరియర్ అతను వచ్చి చిన్న అట్టపెట్టె ఇచ్చి వెళ్లాడు. నరేంద్రన్ కూతురు లోకేశ్వరి ఒక్క ఉరుకున వెళ్లి అందుకుంది. లోపల మ్యాప్ లైటు! వేలంత లావు మెడ, ఎటు వంచితే అటు వంగుతుంది. చివర చిన్న బల్బు. దానికోసం ఆ పిల్ల రెండు వారాలుగా గుమ్మం వైపే చూస్తోంది.

ఆ లైటు సౌభాగ్యం అత్త కోసం. అత్త పోస్టాఫీసులో పనిచేస్తుంది. ఏటా దసరాకి జీపులున్నవాళ్లంతా కలిసి చెంజి వైపు కొండదారుల్లో తిరిగొస్తారు. నాన్న జీపు నడుపుతాడు. పక్క సీట్లో కూర్చుని, మ్యాపు చూసి దారి చెప్పే పని అత్తది. ఆ దారుల్లో ఫోన్లు పనిచేయవు.

పోయినేడు చీకటి పడ్డాక మ్యాపు సరిగ్గా కనబడక అత్త ఒక మలుపు తప్పు చెప్పింది. వెనకున్న ఆరు జీపులూ వెనక్కి తిరగాల్సి వచ్చింది. ఊరందరి అడ్రసులూ తెలిసిన పోస్టాఫీసమ్మకు దారి తెలియలేదని అందరూ నవ్వారట. అక్కడ అత్త కూడా నవ్వేసింది. ఇంటికొచ్చాక మాత్రం రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఈసారి కూడా తప్పితే ఇంక జన్మలో మ్యాపు పట్టనని తేల్చి చెప్పేసింది.

అందుకే ఈ లైటు తెప్పించారు. దాన్ని తానే బిగిస్తానని లోకేశ్వరి పట్టుబట్టింది. వేసవి సెలవులంతా నాన్న పక్కన కూర్చుని వైర్లు కలపడం నేర్చుకుంది మరి. అడిగి అడిగి నాన్నను ఒప్పించింది. ఆయన ఫ్యూజు పెట్టిన కరెంటు వైరును డ్యాష్‌బోర్డు కిందిదాకా లాగి ఉంచాడు. మిగతా పనంతా రేపు పనిముట్లు తీశాక నువ్వే చెయ్యమన్నాడు.

రేపట! ఓపిక అనేది లోకేశ్వరి దగ్గర ఎంత వెతికినా దొరకదు. లైటు చేతిలో ఉంది, జీపు గుమ్మం ముందే ఉంది, నాన్న భోంచేసి కునుకు తీస్తున్నాడు. పనిముట్లు ముట్టుకోవద్దన్నారు గానీ, జీపు ముట్టుకోవద్దని ఎవరన్నారు? చేతులకేమైనా చందనం పూసి అరిటాకు మీద పెట్టారా?

మెల్లగా జీపెక్కింది. డ్యాష్‌బోర్డుకు ఎడమ వైపున పాత కన్నం ఒకటి ఉంది. లైటును అందులో కూర్చోబెట్టి, కింద నట్టును వేళ్లతో తిప్పింది. ఎర్ర వైరును లైటు స్విచ్చు వెనకాల కరెంటు వైరుతో మెలేసి టేపు చుట్టింది. నల్ల వైరు ఎర్తు వైరు. జీపు ఇనుముకు గట్టిగా తగిలితేనే లైటు వెలుగుతుంది. దాన్ని ఒక బోల్టుకు తగిలించి, ఆ నట్టును కూడా వేళ్లతోనే తిప్పింది. వేళ్లు ఎర్రగా కందిపోయాయి. స్విచ్చు నొక్కింది.

వెలిగింది! లోకేశ్వరి సీట్లోనే గంతేసింది. చేత్తో తిప్పిన నట్టు కదలకుండా ఉండదని ఆమెకు తెలుసు. నాన్న ఆ మాట వందసార్లు చెప్పాడు. పొద్దున్నే స్పానర్ పెట్టి ఒక్క పట్టు పడితే సరిపోతుందిలే అనుకుంది.

తెల్లారింది. నాన్న కర్పూరం వెలిగించి, పనిముట్లు తీసి, ఒక స్పానర్ కూతురి చేతిలో పెట్టాడు. లోకేశ్వరి జీపెక్కి కూర్చుందో లేదో, సౌభాగ్యం అత్త మ్యాపు చుట్ట చంకలో పెట్టుకుని రానే వచ్చింది. లైటు వచ్చిందా అని అడిగింది. ఉండబట్టలేక లోకేశ్వరి స్విచ్చు నొక్కేసింది.

అత్త ముఖం లైటు కంటే ఎక్కువ వెలిగింది. మ్యాపు విప్పి వెలుగు కింద పెట్టి, గీత గీతా చూసుకుంది. నాన్న చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చింది. అరగంట పని పది నిమిషాల్లో చేసేసిందే అని అందరూ ఆశ్చర్యపోయారు.

నాన్న కిందికి వంగి చూస్తూ అడిగాడు. "అన్నీ స్పానర్ పెట్టి బిగిచ్చినావా, పాపా?"

స్పానర్ గౌను జేబులో ఉంది. నిజం చెబితే, నిన్న దొంగచాటుగా చేసిన సంగతి బయటపడుతుంది. ఇంత పొగడ్తా గాలికి పోతుంది.

"ఆఁ, బిగిచ్చినా" అంది లోకేశ్వరి.

ఎవరూ లేనప్పుడు బిగించేద్దామనుకుంది. కానీ అత్త ఆ సీటు వదిలితేగా! మధ్యాహ్నందాకా అక్కడే కూర్చుని ఒక్కో మలుపు దగ్గరా పెన్సిలుతో గుర్తు పెట్టుకుంది. లోకేశ్వరి అన్నం సగంలోనే వదిలేసి లేచింది. అమ్మ అడిగితే ఆకలి లేదంది.

నాలుగింటికి బయల్దేరారు. జీపులన్నీ ఊరి చివర గోరిమేడు దగ్గర కలుస్తాయి. అందాకా వాళ్లతో వస్తానని లోకేశ్వరి వెనక సీట్లో ఎక్కింది. తిరిగి తీసుకెళ్లడానికి అమ్మ స్కూటరు మీద వెనకే వస్తోంది. అత్త మురిపెంగా లైటు వేసుకునే కూర్చుంది.

మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చింది. జీపు ఎగిరిపడింది. లైటు ఆరిపోయి, మళ్లీ వెలిగింది. లోకేశ్వరి ముందు సీటు పట్టుకుని వంగి చూసింది. రెండో స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆరింది ఆరినట్టే ఉండిపోయింది.

అత్త గబుక్కున మోచెయ్యి వెనక్కి తీసుకుంది. "నా చెయ్యే తగిలినట్టుందన్నా. పాప ఎంత బాగా పెట్టిందో, నేనే పాడుచేసినా" అంది. సీటు అంచుకు జరిగి, చేతులు ఒళ్లో ముడుచుకుని కూర్చుంది. పోయినేడు నవ్వులపాలై వచ్చినప్పుడు కూడా అత్త ఇలాగే ముడుచుకుని కూర్చుంది. లోకేశ్వరికి ఏడుపు తన్నుకొచ్చింది.

"నాయనా, బండి ఆపు."

నాన్న రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది.

"అత్త చెయ్యి తగల్లేదు. నట్టును నేను స్పానర్‌తో బిగిచ్చలేదు. నిన్ననే చేత్తో తిప్పి పెట్టినా. పొద్దున నీకు అబద్ధం చెప్పినా."

నాన్న వెనక్కి తిరిగి కూతురిని చూశాడు. పొద్దున తాను కూడా కిందికి చెయ్యి పెట్టి చూడాల్సిందని గొణిగాడు. అత్త సీట్లోంచి దిగి, లోకేశ్వరికి చోటిచ్చింది.

"ముందు ఫ్యూజు పీకు" అన్నాడు నాన్న.

లోకేశ్వరి ఫ్యూజు పీకింది. గౌను జేబులోంచి స్పానర్ తీసి, కాళ్లు బయట పెట్టి, డ్యాష్‌బోర్డు కింద తల దూర్చింది. ఎర్తు బోల్టు నట్టు ఊడి వేలాడుతోంది. దాన్ని తీసి, బోల్టు చుట్టూ ఉన్న రంగును ఇనుము కనబడేదాకా గీకింది. వాషర్ వేసి, వైరు పెట్టి, పళ్లు బిగబట్టి నట్టు బిగించింది. లైటు కింది నట్టు కూడా బిగించింది. ఫ్యూజు పెట్టి స్విచ్చు నొక్కితే లైటు వెలిగింది. నాన్న డ్యాష్‌బోర్డు మీద పిడికిలితో నాలుగు దెబ్బలు వేశాడు. లైటు కదల్లేదు, మెదల్లేదు.

అంతలో నాన్న ఫోన్ మోగింది. ఈసారి ముందు జీపు నడుపుతున్న తమిళరసన్. అందరూ వచ్చేశారట, ఇంకో ఐదు నిమిషాల్లో బయల్దేరతారట. యాడ ఉండారని అడుగుతున్నాడు. వచ్చేస్తున్నామని చెప్పి నాన్న గేరు మీద చెయ్యి వేశాడు. అత్త ఎక్కడానికి కాలు ఎత్తింది. అమ్మ స్కూటరు దగ్గర నుంచి రమ్మని చెయ్యి ఊపింది.

లోకేశ్వరి మాత్రం దిగలేదు. లైటు నిండుగా వెలుగుతోంది. ఇంకేమైనా ఉందా అని ఎవరూ అడగలేదు.

"నాయనా, స్విచ్చు వెనకాల వైరు కూడా ఉత్తగా మెలేసి టేపు చుట్టినా. అది కూడా విప్పి గట్టిగా కలపాల. ఇంకో పావుగంట పడతాది" అంది. మళ్లీ ఫ్యూజు పీకి చేతిలో పట్టుకుంది.

నాన్న తమిళరసన్‌కు ఫోన్ చేసి, మీరు ముందు పొండి, మేము వెనక వస్తామని చెప్పాడు. ఇంజన్ ఆపేశాడు.